గుడ్డ కింది డ్రైవర్

వ్యాపారంలో నన్ను ముంచినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళందరినీ మరిచిపోయాను. గుర్తుపెట్టుకుంటే నాకు ఒరిగేదేమీ లేదు. మా తోడల్లుణ్ణి మాత్రం మరవలేదు. అతణ్ణి గుర్తుపెట్టుకుంటే ఎప్పటికైనా గిట్టుబాటు అవుతుందని మొదటినుంచీ నా నమ్మకం.

ఊరి చివర మైదానంలో డిస్క్ గోల్ఫ్ ఆడతారు. గొలుసులు వేలాడే ఇనప బుట్టలోకి చిన్న పళ్ళెం లాంటి ప్లాస్టిక్ డిస్కును ఎవరు తక్కువ విసుర్లలో వేస్తే వాళ్ళది గెలుపు. మొదటి విసురు దూరం పోవాలి కాబట్టి దానికి అంచు వెడల్పుగా, పదునుగా ఉండే డిస్కు వాడతారు. దాన్ని డ్రైవర్ అంటారు. ఆ మొదటి విసురు విసిరే చోటికి పక్కనే ఒక రేకుల కొట్టు ఉంది. డిస్కు పోగొట్టుకున్నవాడు, కొత్తది కావాలనుకున్నవాడు, ఆటలో ఓడిపోయి తప్పు డిస్కుదే అనుకున్నవాడు, అందరూ దాని ముందునుంచే పోవాలి. బజారులో నాకున్న పెద్ద ఆటసామాన్ల దుకాణం మొత్తం ఆ చిన్న కొట్టుకి సాటిరాదు. దాని రేకులు నేను మోసినవి. అరలు నేను కొట్టినవి.

నేను భుజం ఆపరేషన్ అయి మంచాన పడితే తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి మొగుడు, వచ్చి నా దిండు సర్ది మరీ చెప్పాడు. "నువ్వు నిశ్చింతగా పడుకో అన్నయ్యా. కొట్టు నేను చూసుకుంటాగా."

చూసుకున్నాడు. చెయ్యి మెడకి వేలాడేసుకుని నేను వెళ్ళేసరికి కొట్టు నెత్తిన అతని పేరుతో బోర్డు ఉంది. కొట్టు ఎవరికివ్వాలో తేల్చేది ఆట క్లబ్బు, దాని అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. ఆయన్ని అడిగితే ఆశ్చర్యపోయాడు. "మీరింక వ్యాపారం మానేస్తున్నారన్నాడండీ. మీకు తెలిసే జరుగుతోందనుకున్నాం."

తోడల్లుణ్ణి అడిగితే నవ్వాడు. "నీ భుజం పాడైందని బెంగపడి, నీ భారం తగ్గిద్దామనుకున్నాను. నామీదే కోపమా?"

నేను గొడవ పెట్టుకోలేదు. గొడవపడితే నలుగురూ సర్దిచెబుతారు. సర్దుకుపోతే కొట్టు పోయినట్టే. ఆ క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది, నేను దానికోసం కాచుక్కూర్చున్నాను. ఏడాదికోసారి, కొట్టు ఉన్నవాణ్ణి మరో అమ్మకందారు పోటీకి పిలవచ్చు. అమ్మేవాడు విసరక్కర్లేదు, ఎంచితే చాలు. సభ్యుల్లోంచి ఒకరిని చీటీ తీసి పిలుస్తారు. ఆ మనిషి మామూలు డిస్కుతో ఒకసారి విసురుతారు. ఇద్దరు అమ్మకందార్లూ చూస్తారు, తలా ఒక ప్రశ్న అడుగుతారు. తర్వాత ఇద్దరూ తలా ఒక డ్రైవర్ ఎంచి బల్లమీద గుడ్డ కింద పెట్టాలి. పెట్టాక మార్చకూడదు. ఆ మనిషి ఒక్కోదాన్ని మూడేసి సార్లు విసురుతారు. ఎవరిచ్చిన డ్రైవర్ దూరం పోతే కొట్టు వాళ్ళది.

తోడల్లుడికి ఎంచడం రాదు. అతనికి వచ్చింది అమ్మడం. డ్రైవర్ మీద వేగం అంకె ఉంటుంది. అంకె ఎంత పెద్దదైతే డిస్కు అంత దూరం పోతుందని కొనేవాడు అనుకుంటాడు. నిజానికి ఆ అంకె, డిస్కు ఎంత వేగం ఇస్తుందో కాదు, ఎంత వేగం అడుగుతుందో చెబుతుంది. చేతిలో ఆ వేగం లేకపోతే అది పట్టుమని పది గజాలు కూడా పోకుండా ఎడమకి వాలి పడుతుంది. నెమ్మది చేతికి అంకె తగ్గించి, బరువు తగ్గించి ఇవ్వాలి. అప్పుడది ముందు కాస్త కుడికి ఒరిగి, తేలి, మళ్ళీ ఎడమకి వచ్చి దిగుతుంది, ఆ ఒంపులోనే దూరం కలిసొస్తుంది. కానీ "మీ చేతికి అంత వేగం లేదండీ" అని కొనేవాడి మొహాన చెప్పాలంటే గుండె కావాలి. తోడల్లుడు అందరికీ పెద్ద అంకే అంటగట్టేవాడు. వాళ్ళు బలం పెట్టి విసిరీ విసిరీ, మోచెయ్యి పట్టుకుని బజారులో నా దుకాణానికి వచ్చేవాళ్ళు.

అయినా నాకు భయమే. ఎంచడం రానివాడు కాపీ కొట్టగలడు. మా ఇంట్లో అనుకున్న మాట అతనింటికి చేరడానికి ఎంతో సేపు పట్టదు. మా మరదలు రోజూ మధ్యాహ్నం వాళ్ళక్కకి ఫోను చేస్తుంది. ఇద్దరి మధ్యా దాపరికం లేదు, ఉండమని నేను చెప్పనూ లేదు. ఆ ఫోనే నాకు పనికొచ్చింది.

అబద్ధం పంపిస్తే పసిగడతాడేమోనని ఆలోచించాను. మోసం చేసి బతికేవాడు అబద్ధాన్ని ఆమడ దూరంలో వాసన పడతాడు. వాడికి అలవాటులేనిది నిజం. అందుకని నిజమే పంపించాను.

భోజనం దగ్గర మా ఆవిడతో అన్నాను. "ఈసారి చీటీ ఎవరికొచ్చినా సరే, తేలికపాటి డ్రైవరే పెడతాను. మెత్తటిది, కుడికి తిరిగేది. క్లబ్బులో సగానికి సగం మంది చేతులు నెమ్మదే."

"నాకెందుకు చెబుతున్నారు? నాకు డిస్కుకీ మూతకీ తేడా తెలీదు" అంది మా ఆవిడ.

"ఊరికే, మనసులో ఉన్నది."

"మీ మనసులోది ఊరికే బయటికొచ్చిన రోజు ఎప్పుడైనా ఉందా?"

నేను మంచినీళ్ళు తాగాను.

వారం తిరక్కుండా తెలిసింది. తోడల్లుడు బరువైన, అన్నిటికన్నా పెద్ద అంకె ఉన్న డ్రైవర్లు పెట్టెలకి పెట్టెలు తెప్పించాడట. "మా అన్నయ్య తేలికది పెడతానని ఇంట్లో చాటింపు వేస్తున్నాడు. అంటే బరువుది పెడతాడన్నమాట. నాకు తెలీదూ ఆయన సంగతి!" అని వాళ్ళావిడతో అన్నాడని వాళ్ళావిడ మా ఆవిడతో అంది. మా ఆవిడ నాతో చెప్పి, "ఏమిటీ గోల?" అని అడిగింది. నాకు చాలాకాలం తర్వాత ఆకలేసింది.

పోటీ రోజు పొద్దున్న మైదానానికి వెళ్ళేసరికి నా లెక్కంతా తిరగబడింది. ఎదురుగాలి కొడుతోంది.

ఎదురుగాలి ప్రతి డిస్కునీ కుడికి తోస్తుంది. ఎడమకి వాలిపోయే అతని బరువు డ్రైవర్‌ని ఆ గాలి తిన్నగా నిలబెడుతుంది. కుడికి తిరిగే నా తేలిక డ్రైవర్‌నైతే ఇంకా కుడికి తిప్పి నేలకేసి కొడుతుంది. నేను అతనికి తవ్విన గోతిలో నేనే దిగేట్టున్నాను.

చీటీలో బేకరీ ఆవిడ పేరు వచ్చింది. యాభై దాటిన మనిషి, మాట గట్టిది, చెయ్యి నెమ్మది. మామూలు డిస్కు విసిరింది. తోడల్లుడు తన ప్రశ్న అడిగాడు.

"అమ్మా, ఎంత దూరం వెయ్యాలని ఉంది మీకు?"

"కనీసం నీ కొట్టన్నా దాటేంత నాయనా, దాటకపోతే ఎందుకొచ్చిన ఆట" అందావిడ. జనం నవ్వారు. అతనూ నవ్వి, మారుమాట లేకుండా ఒక డ్రైవర్ తీసి గుడ్డ కింద పెట్టేశాడు.

నేను అడిగాను. "మీ డిస్కులు ఎక్కువగా ఏ వైపు పొదల్లో పోతాయండీ?"

"ఎడమ. ఎప్పుడూ ఎడమే. నీ తోడల్లుడు అమ్మినవి నాలుగు అక్కడే ఉన్నాయి, కావాలంటే ఏరుకో."

ఎప్పుడూ ఎడమే అంటే ఆవిడ చేతికి అంకె తగ్గించక తప్పదు. ఈ గాలికి బరువూ తగ్గిస్తే మునిగిపోతాను. నా సంచిలో రెండు డ్రైవర్లున్నాయి. ఒకటి ఇంట్లో చెప్పిన తేలికది. రెండోది అంకె చిన్నదే కానీ బరువు మధ్యరకం, కొత్తది, గట్టి ప్లాస్టిక్. అది తొందరగా కుడికి ఒరగదు. తేలికది పెట్టి గెలవాలని ఎన్నాళ్ళుగా కలగన్నానో! చెప్పింది చెప్పినట్టు అతని కళ్ళముందు చేసి, నిజం విని కూడా నమ్మలేకపోయాడని జీవితమంతా అతను కుళ్ళిపోవాలని నా కోరిక. ఆ కోరిక వదులుకోవడం నాకు కొట్టు వదులుకున్నంత పనైంది. మధ్యరకం తీసి గుడ్డ కింద పెట్టాను.

పళ్ళ డాక్టరు రెండు గుడ్డలూ ఒకేసారి ఎత్తాడు. తోడల్లుడిది అన్నిటికన్నా పెద్ద అంకె, అన్నిటికన్నా బరువు. అతను నా డ్రైవర్ చూశాడు. అటూ ఇటూ తిప్పి అంకె చూశాడు, వెనక బరువు చూశాడు. మొహం ఎర్రబడింది.

"ఇదేమిటన్నయ్యా! ఇంట్లో చెప్పిందొకటి, ఇక్కడ పెట్టిందొకటి!"

నేను నెమ్మదిగా అడిగాను.

"ఇంట్లో నేనేం చెప్పానో నీకెలా తెలుసు తమ్ముడూ?"

ముందు బేకరీ ఆవిడ నవ్వింది. తర్వాత పళ్ళ డాక్టరు, తర్వాత అందరూ. "గోడకి చెవి పెట్టి డ్రైవర్లు ఎంచుతున్నావా నాయనా?" అందావిడ. "మరి నాకెందుకు ఎడమ పొదలకి తగ్గవి అమ్మావు?" తోడల్లుడు నా డ్రైవర్‌ని బల్లమీద బోర్లించి పెట్టాడు. జనంలో నిలబడ్డ మా మరదలు తల దించుకుంది. నేను తయారుచేసుకున్న ప్రతీకారం ఇది కాదు. ఇది అతనే వండి, అతనే వడ్డించాడు. నేను తిన్నాను.

ముందు అతని డ్రైవర్. ఆవిడ పట్టుకోబోతే అంచు వేళ్ళకి అందలేదు. మొదటిది ఎడమ పొదలోకే పోయింది. రెండోసారి ఒళ్ళంతా బిగబట్టి విసిరింది. నేను భయపడ్డట్టే గాలి దాన్ని నిలబెట్టింది. తిన్నగా పోయి బాగా దూరంలో దిగింది. అతనివాళ్ళు ఈలలు వేశారు. మూడోసారి విసిరి ఆవిడ మోచెయ్యి రుద్దుకుంది. అది మళ్ళీ ఎడమకే.

తర్వాత నాది. మొదటి విసురు ఆవిడ అలవాటుకొద్దీ బిగబట్టి వేసింది. కుడికి ఒరిగి, నేల తాకి దొర్లిపోయింది. తోడల్లుడు అప్పుడే ఊపిరి పీల్చాడు. నేను ఆవిడకి ఏమీ చెప్పకూడదు. ఆవిడ డిస్కు అంచుని వేళ్ళతో చుట్టి ఒకసారి నొక్కి చూసింది. చేతికి సరిపోయిన సంగతి ఆవిడకే తెలిసిందనుకుంటాను. భుజాలు దించి, అప్పడాల కర్ర పక్కన పెట్టినంత తేలిగ్గా వదిలింది. డిస్కు కొంచెం కుడికి ఒరిగింది, గాలిమీద ఆగినట్టు తేలింది, ఎడమకి తిరిగి వస్తూ అతని డ్రైవర్ దిగిన చోటు మీదుగా దాటి, ఇంకా పోయింది. మూడోది విసరక్కర్లేదన్నారు. నేను విసరమన్నాను. అది ఇంకా దూరం పోయింది.

ఆ సాయంత్రం మా ఇంట్లో ఫోను మోగలేదు. మర్నాడు మధ్యాహ్నం కూడా. మా ఆవిడ ఫోను వంక చూసి, నా వంక చూసి అంది.

"నలుగురిలో మా చెల్లెలి పరువు తీశారు. ఇంకేం మిగిలిందని? ఆ కొట్టులో అతనికీ ఒక మూల ఇవ్వండి."

"నేను నోరెత్తలేదు. అంతా అతనే అన్నాడు."

"అతనిచేత అనిపించింది ఎవరు?"

నాకు కొట్టొచ్చింది, ఆవిడకి చెల్లెలి మాట పోయింది. ఆ నష్టం నా ఖాతాలోదే, కాదనను. అయినా మూల మాత్రం ఇవ్వను.

తోడల్లుడు తాళంచెవి తెచ్చాడు. నా చేతిలో పెట్టి, పక్కకి చూస్తూ అన్నాడు. "తెప్పించిన పెట్టెలన్నీ అలాగే ఉన్నాయన్నయ్యా. నాలుగురోజులు ఇక్కడ ఓ పక్కన పెట్టుకోనా?"

"ముందు బోర్డు దించు" అన్నాను.

"మనిషిని పంపిస్తాలే."

"ఎక్కించినప్పుడు మనిషిని పెట్టావా?"

నిచ్చెన నేనే తెచ్చాను. అతను ఎక్కాడు. నేను కింద పట్టుకున్నాను, గట్టిగానే. పడితే వాళ్ళావిడ మా ఆవిడకి ఫోను చేస్తుంది, మా ఆవిడ అతణ్ణి చూసుకోమని నన్ను పంపుతుంది. చుట్టూ ఆడుకునేవాళ్ళు ఆగి చూస్తున్నారు. అతను సుత్తి వెనకవైపుతో ఒక్కొక్క మేకూ పీకుతున్నాడు. బోర్డు ఒక పక్కకి వాలింది.

"ఇంక ఒక్కటే ఉందన్నయ్యా, తుప్పు పట్టింది, రావట్లేదు. అదుండనీ, పైన ఎవరికీ కనపడదు."

"అదీ పీకు" అన్నాను.