వెండి బిళ్ల పెట్టుకున్న మధ్యాహ్నం

శుక్రవారాలు గిరిజకి ఇంటి నుంచే పని. మధ్యాహ్నం మీటింగులు అయిపోగానే ఇల్లంతా ఓసారి చూసుకుంటుంది. పాల డబ్బా మీద తేదీ, స్టవ్ నాబ్‌లు, గరాజ్ తలుపు, చివరికి ఫోన్‌లో కూతురు నిధి ఎక్కడుందో చూపించే నీలం చుక్క. ఆ రోజు చుక్క చూడాల్సిన పని లేకపోయింది. నిధి ఎదురుగానే కూర్చుని సీరియల్ తింటూ తల్లి మొహంలోకి చూస్తోంది.

"అమ్మా, ఫైవ్‌కల్లా వాళ్లకి చెప్పాలి."

"చూద్దాం."

"చూద్దాం అంటే నో కదా."

"చూద్దాం అంటే చూద్దామనే."

పదిహేడేళ్ల నిధికి జార్జియా సముద్ర తీరంలో వేసవి పని దొరికింది. తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెట్టే చోట రాత్రుళ్లు కాపలా కాయాలి. తాముండే కమ్మింగ్ నుంచి ఐదారు గంటల దారి, తనే డ్రైవ్ చేసుకుంటూ వెళ్తానంటుంది. ఆ మాట విన్నప్పటి నుంచి గిరిజ కళ్ల ముందు సముద్రం, చీకటి, ముక్కూ మొహం తెలియని మనుషులు, హైవే మీద లారీలు తిరుగుతున్నాయి. వెళ్లమంటే ఏమవుతుందోనని ఒక భయం. వద్దంటే ఈ పిల్ల జన్మంతా గుర్తు పెట్టుకుంటుందేమోనని ఇంకో భయం. అందుకే వారం నుంచీ "చూద్దాం."

అంతలో పక్కింటి రొహానా ఫోన్ చేసింది. మర్నాడే ఆవిడ కొడుకు హకీమ్ పెళ్లి.

"గిరిజా, మా హకీమ్ ఫ్లైటు లేటంట. రేపు పొద్దున్న గానీ రాడు. నడికట్టు కొలత సూడాల. నీ కూతురు వాడిలాగే సన్నంగా ఉంటాది. ఓపాలి పంపుతావేటి?"

రొహానా మలేసియా ఆవిడ. అక్కడి కొబ్బరి తోటల్లో, శ్రీకాకుళం నుంచి వెళ్లిన కుటుంబాల మధ్య పెరిగింది. విజయనగరంలో పుట్టిన గిరిజ కూడా మరిచిపోయిన మాటలు ఆవిడ నోట్లో భద్రంగా ఉన్నాయి.

మలయ్ పెళ్లిలో పెళ్లికొడుకు ఆ ఒక్క రోజుకీ రాజు. నడుముకి జరీ బట్ట, దాని మీద వెండి బిళ్ల ఉన్న నడికట్టు, ఎడమ పక్కన కెరిస్ అనే వంకీల బాకు. మిగతా ఇళ్లలో రాజు అనేది మర్యాదకి అనే మాట. రొహానా ఇంట్లో మాత్రం ఆ బిళ్ల పెట్టుకున్నంతసేపూ మనిషి అన్నది అన్నట్టు జరుగుతుంది. ఆవిడ భర్త తన పెళ్లిలో చెమట తుడుచుకుంటూ "కాస్త గాలొస్తే బాగుణ్ను" అన్నాడట. పందిరి పక్క ఊళ్లో దొరికింది. అప్పటి నుంచి ఆ ఇంటి మగపిల్లలకి తక్కువ మాట్లాడటం చిన్నప్పుడే అలవాటు చేస్తారు.

గిరిజకి బిళ్లతో బెంగ లేదు, బాకుతోనే. పెళ్లి జరిగే క్లబ్‌హౌస్‌లోకి బాకు తేవచ్చా అని కాలనీ సంఘం హెచ్‌ఓఏకి ఫోటోతో సహా మెయిల్ పెట్టింది. ఒరలోంచి తీయకపోతే ఫరవాలేదని జవాబు వచ్చాకే ఆమెకి నిద్ర పట్టింది.

గిరిజ కూతురిని వెంటబెట్టుకుని వెళ్లింది. రొహానా హాల్లో నిధిని నిలబెట్టి జరీ బట్ట మడత పెట్టి చుట్టింది. బాకుని ఎడమ వైపు దోపింది.

"పిడి లోపలికి తిప్పాల. బయటికి తిప్పితే దెబ్బలాటకొచ్చినట్టు."

బిళ్ల అరచేయంత ఉంది, బాదం ఆకు ఆకారంలో, అంచు నిండా తీగలూ మొగ్గలూ. అచ్చం మన వడ్డాణం బిళ్లే అనుకుంది గిరిజ. కొక్కెం పడగానే కూతురికి వేలు చూపించింది.

"నోరు మెదపకు."

"ఓకే, బట్ చలేస్తోంది అమ్మా, ఆ ఫ్యాన్ ఆగితే..."

ఫ్యాన్ ఆగింది.

"చెప్పానా!"

గిరిజ భర్త శశికాంత్ పెళ్లి కోసం మడత కుర్చీలు మోసుకొచ్చి గుమ్మంలో దించాడు. కూతురిని చూడగానే మొహం వెలిగింది.

"నిధి తల్లీ, డాడీ గ్రీన్ కార్డు వచ్చెయ్యాలని ఒక్క మాట అనమ్మా!"

"కుదరదు బాబూ," అంది రొహానా. "కంటి ముందరున్నోల మీదే మా రాజరికం. వాషింగ్టన్ వేరే రాజ్యం."

"పోనీ, ఈ కుర్చీల సంగతైనా?"

నిధి నవ్వింది. "కుర్చీలు, గో." కుర్చీలు టకటకా విచ్చుకుని గోడ వారగా వరస కట్టాయి. శశికాంత్ నడుం నిమురుకుని, ఈ మాత్రం చాల్లే అన్నట్టు ఒకదాంట్లో కూలబడ్డాడు.

నాలుగున్నర దాటింది. నిధి గడియారం చూసింది, తర్వాత తల్లిని చూసింది.

గిరిజకి అర్థమైంది. కంటి ముందున్నవాళ్ల మీద రాజరికం. తను కంటి ముందే ఉంది. "అమ్మా, ఎస్ అను" అని పిల్ల అంటే తన నాలుక దానంతటదే తిరుగుతుంది. భయపడాల్సింది పోయి గిరిజకి గుండెల్లో తేలికైంది. అననీ. రాజు మాట కాదనడానికి తనెవరు? రేపు అక్కడ దోమ కుట్టినా, జ్వరమొచ్చినా పంపింది తను కాదు. వారం నుంచి మోస్తున్నది ఇక్కడే దింపేసి ఇంటికెళ్లి టీ పెట్టుకోవచ్చు. అనవే, అనుకుంది లోపల్లోపల. తొందరగా అనెయ్.

నిధి పెదవులు విడివడ్డాయి. మళ్లీ మూసుకున్నాయి. ముందు బాకు తీసి రెండు చేతులతో రొహానాకి ఇచ్చింది. తర్వాత కొక్కెం విప్పి బిళ్ల కూడా ఆవిడ చేతిలో పెట్టింది.

"కొలత అవ్వనేదు కదే," అంది రొహానా.

"వన్ మినిట్, ఆంటీ." తల్లి వైపు తిరిగింది. "ఇప్పుడు అడుగుతాను అమ్మా. నేను వెళ్లనా?"

గిరిజకి ముందు ఒళ్లు మండింది. దించుకోబోయిన బరువుని ఈ పిల్ల తెచ్చి మళ్లీ నెత్తిన పెట్టింది. కానీ ఆ మొహం చూస్తూ ఉంటే కోపం నిలవలేదు. చేతిలోకి వచ్చినదాన్ని కూడా అడక్కుండా తీసుకోని మనిషి, ఎవరూ చూడని చీకట్లో మాత్రం వేరేలా ఎందుకు ఉంటుంది?

"రాత్రి ఒక్కదానివే తిరుగుతావా?"

"నో. ఎప్పుడూ ఇద్దరు. నీళ్లలోకి వెళ్లకూడదు. రెడ్ లైట్ మాత్రమే, లేకపోతే తాబేలుకి భయం."

"తాబేలుకి భయమా?"

"చాలా. కొంచెం తేడాగా ఉన్నా గుడ్లు పెట్టకుండా వెనక్కి వెళ్లిపోతుంది. మనం అసలు కదలకుండా కూర్చోవాలి."

తను ఎన్నడూ చూడని ఆ తాబేలు మీద గిరిజకి చెప్పలేనంత అభిమానం కలిగింది.

"వెళ్లు," అంది.

మాట సన్నగా, వణుకుతూ వచ్చింది. ఎవరూ లాగలేదు. తనే అంది.

నిధి ఒక్క గెంతులో వచ్చి మెడకి చుట్టుకుంది, జరీ బట్ట కాళ్లకి అడ్డం పడుతున్నా. శశికాంత్ కుర్చీలో కూర్చునే కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"సాల్లే, ఇలగ రా," అంది రొహానా, నడికట్టు దులుపుతూ. "పొద్దున్న పెళ్లి ఎట్టుకుని మీ ముచ్చట్లేటి?"

నిధి ఒక చేత్తో ఫోన్‌లో జవాబు కొడుతూనే వెళ్లి నిలబడింది.

"సన్‌స్క్రీన్ కొనాలి," అంది గిరిజ.

"అమ్మా! అది రాత్రి డ్యూటీ!"

"అయితే? తెల్లారదా ఏంటి?"