ఎల్డొరా మోచేతి ఎత్తు

నేను ఒక ఇస్త్రీ బల్లని. అమెరికాలోని అయోవాలో, చుట్టూ మొక్కజొన్న చేలున్న ఒక చిన్న ఊళ్ళో పుట్టాను. నన్ను చేసినవాడు ఆర్విల్, రైల్వే వర్క్‌షాపులో వడ్రంగి. అతని భార్య ఎల్డొరా బాగా పొడగరి. దుకాణంలో కొన్న బల్ల మీద వంగి వంగి ఆమెకు నడుము పట్టేసేది. అందుకని ఆర్విల్ ఆమెను గోడకు ఆనించి నిలబెట్టి, మోచేతి దగ్గర పెన్సిల్‌తో గీత గీసి, సరిగ్గా ఆ ఎత్తుకు నన్ను చేశాడు. పైన పాత దుప్పటి పరిచి తెల్లగుడ్డ బిగించాడు. నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి అంతకన్నా ఏమీ లేదు.

ఎల్డొరా ఊళ్ళోవాళ్ళ చొక్కాలు ఇస్త్రీ చేసేది. ఒక చొక్కా పూర్తయితే దాన్ని తగిలించి, నా మీద కాగితం పెట్టుకుని, నిలబడే ఒక పేజీ రాసేది. తర్వాత ఇంకో చొక్కా, ఇంకో పేజీ. కాలరు మొండికేసిన రోజు వాక్యమూ మొండికేసేది. మొదటి నవల అలాగే పూర్తయింది. ఆ చొక్కాలు తొడుక్కుని దర్జాగా చర్చికి వెళ్ళినవాళ్ళకు ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

ఆ నవలకు పెద్ద బహుమతి వచ్చింది. దేశమంతా ఎల్డొరా పేరు మోగిపోయింది. ప్రచురణకర్తలు నున్నగా మెరిసే రాతబల్ల ఒకటి పంపారు. పత్రికలవాళ్ళు ఆమెను దాని ముందు కూర్చోబెట్టి ఫోటోలు తీశారు. కూర్చుంటే తప్ప రచయిత్రిలా కనబడదని వాళ్ళ నమ్మకం. వారం రోజులు దాని ముందు కూర్చుని ఒక్క ముక్కా రాయలేక, ఆమె మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. నాకు గర్వంగానే అనిపించింది, దాచుకోవడం దేనికి? ఊళ్ళోవాళ్ళ చొక్కాలతో ఇక పని లేదు కనుక ఆర్విల్ చొక్కాలే మిగిలాయి. అవి అయిపోతే, ఇస్త్రీ చేసినవాటినే నలిపి మళ్ళీ చేసేది.

"నాకంటే ముందు నా చొక్కాలు పోయేట్టున్నాయే!" అని ఆర్విల్ ఎగతాళి చేసేవాడు.

అలా ఏడు నవలలు రాసింది. ఎనిమిదోది ఒక ముసలి జంట కథ. చివర్లో భర్త చనిపోవాలి, ఆ మర్నాడు భార్య ఒంటరిగా నిద్ర లేవాలి. అంతా రాసేసింది కానీ ఆ చివరి పేజీ దగ్గర ఆగిపోయింది. ఎదురుగా ఆర్విల్ కాఫీ తాగుతుంటే ఆమెకు చెయ్యి ఆడలేదు. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఆర్విల్ చొక్కా విప్పి కుర్చీకి తగిలించి, కాసేపు పడుకుంటానన్నాడు. మళ్ళీ లేవలేదు.

ఎల్డొరా ఏడవలేదు. ఆ చొక్కా తెచ్చి నా మీద పరిచింది. ఉతకలేదు, ఇస్త్రీ చేయలేదు. మోచేతుల దగ్గర అతను చేతులు మడిచిన ముడతలు అలాగే ఉన్నాయి. రోజూ పొద్దున్నే వచ్చి దాని ముందు నిలబడేది. కాసేపటికి వెళ్ళి పడుకునేది. నెలల తరబడి ఇదే తంతు. నాకూ ఏమీ అనిపించలేదు. వేడి తగలని ఇస్త్రీ బల్లకు ఏమనిపిస్తుంది?

ప్రచురణకర్తలు ఫోన్ మీద ఫోన్ చేశారు. కూతురు మావిస్ జవాబు చెప్పలేక విసిగిపోయింది.

"అమ్మా, ఒక్క పేజీయే కదా! ఆ చొక్కా ఇలా ఇవ్వు, ఉతికి పెడతాను. అప్పుడైనా రాస్తావేమో."

"ముట్టుకోకు" అంది ఎల్డొరా.

అక్టోబరులో ఒకరోజు ఆమె చొక్కా తీయకుండానే దాని చేతి మీద కాగితం పెట్టింది. ఇస్త్రీ చేయకుండా రాయడం అదే మొదటిసారి. ముడతల మీద పెన్సిల్ ఎగుడుదిగుడుగా నడిచింది. ఒకటి రెండు చోట్ల కాగితం చిరిగింది. కానీ ఆమె చెయ్యి వణకలేదు. ఆ చేతి బరువంతా నా మీదే ఉంది, నాకు తెలుసు. పేజీ పూర్తి చేసి, పెన్సిల్ పక్కన పెట్టి, ఆ చొక్కాలో ముఖం దాచుకుని ఏడ్చింది. కింద దుప్పటి దాకా తడిసింది. ఆర్విల్ లేడని నాకూ అప్పుడే తెలిసింది.

రెండేళ్ళకు ఎల్డొరా కూడా పోయింది. ఇల్లు మ్యూజియం అయింది. ముందు గదిలో ఆ మెరిసే రాతబల్ల, చుట్టూ తాడు. ఆ పేజీ అద్దాల పెట్టెలో ఉంది. కింద చీటీ: "వృద్ధాప్యంలో వణికిన చేతితో రాసిన చివరి పేజీ." నన్ను మడిచి వంటింటి తలుపు వెనక పెట్టారు.

మ్యూజియం తెరిచే రోజు మావిస్ నన్ను బయటికి తీసింది. పేజీ పక్కన తండ్రి చొక్కా కూడా పెట్టాలట. నలుగురూ వచ్చే చోట నలిగిన చొక్కా ఏం బాగుంటుందని శుభ్రంగా ఉతికి, గంజి పెట్టి, నా మీద పరిచింది.

"ఈ మోచెయ్యి దగ్గర ముడత ఒక పట్టాన పోదేం?" అనుకుంటూ నీళ్ళు చిలకరించి, ఇస్త్రీపెట్టె అదిమి మళ్ళీ రుద్దింది. అప్పుడు పోయింది. వేడికి కాదు గానీ, నేను మాట్లాడలేనందుకు ఆ రోజు నిజంగా బాధపడ్డాను.

ఆర్విల్ ముడతలు ఇప్పుడు ఆ పేజీలో తప్ప ఇంకెక్కడా లేవు. జనం వంగి చూసి, పాపం, ముసలావిడకు చెయ్యి వణికింది అనుకుంటూ వెళ్ళిపోతారు.