గంటలు విప్పిన కొండ

"ఈ మేకలు ఎవరివి?"

సార్జెంటు ఆ మాట అడిగినప్పుడు మావ్రోలిథో ఊరు సగం అక్కడే ఉంది. చెస్ట్‌నట్ కాయలు ఏరుకుంటున్న ఆడవాళ్ళు, కట్టెలకొచ్చిన మగవాళ్ళు దేవదారు అడవి అంచున ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. మంద చుట్టూ నలుగురు పోలీసులు తుపాకులు పట్టుకుని ఉన్నారు.

అసీమో ఒళ్ళో కాయలు పోసుకుని కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. ఆ మందలో ఆమె మేకలున్నాయి. మొగుడు కలప కంట్రాక్టరు స్తామూలిస్ దగ్గర కూలికి పోయి దుంగ కిందపడి చచ్చిపోయాక, ఇద్దరు పిల్లల్ని ఆ మేకలే సాకుతున్నాయి. కొండవాలు పొలంచెక్కలో పండే మొక్కజొన్న క్రిస్మస్‌దాకా వస్తే గొప్ప. ఆ తర్వాత మంచుపడి దారులు మూసుకుపోతే, మిగిలేది పాలూ జున్నే.

ఏథెన్సులో కొత్తగా గద్దెనెక్కిన నియంతకి ఈ మేకల మీద కన్ను పడింది. అడవుల్ని మేకలు తినేస్తున్నాయట! దేవదారు అడవిలో మేక కనబడితే కాల్చెయ్యాలి, మేక తాలూకు మనిషిని ఖైదీల దీవికి పంపెయ్యాలి. అక్టోబరు చివర సెయింట్ దిమిత్రి పండగ నాటికి అగ్రఫా కొండల్లో మేకన్నది ఉండకూడదు. లోయ అవతల స్తామూలిస్ రంపాలు పొద్దున్నించి పొద్దుగూకేదాకా వాలుకి వాలే నున్నగా గొరిగేస్తున్నాయి. అవి అడవిని తినడంలేదు కాబోలు, ముద్దాడుతున్నాయి!

ఒకప్పుడు టర్కీ సుల్తాను లెక్కలకే ఎక్కని కొండలివి. పన్నులవాళ్ళు అడుగుపెట్టలేకపోయారు. ఇప్పుడు ఠాణా వచ్చింది, ఫారెస్టు గార్డు వచ్చాడు, ఊళ్ళోవాళ్ళు ఎన్నుకోని ప్రెసిడెంటు వచ్చాడు. ప్రతి మేక మెడలో గంట ఉండి తీరాలని ఉత్తర్వు కూడా వచ్చింది. గార్డు చెట్టు నీడన పడుకుని చెవులతో కాపలా కాస్తాడు. ఇవాళ పోలీసుల్ని మంద మీదికి తెచ్చింది ఆ గంటల చప్పుడే.

"చెవుడా మీకు? ఎవరివని అడుగుతున్నా!"

"నావే."

ముందుకొచ్చినవాడు లియాస్, ఊరి మేకల కాపరి. చిన్నప్పుడు స్మిర్నా నుంచి కాందిశీకుల పడవలో వచ్చినవాడు. అమ్మా నాన్నా సముద్రానికి అవతలే పోయారు. ఇల్లు లేదు, వాకిలి లేదు. రోజుకొక ఇంట్లో వంతు తిని అందరి మేకలూ కాస్తాడు. వాడికంటూ ఒక మేకపిల్ల కూడా లేదని కొండమీద కుక్కల్ని అడిగినా చెప్తాయి.

సార్జెంటు వాడి చిరిగిన చెప్పులకేసి చూసి నవ్వాడు. "ఇన్నీ నీవేనా, జమీందారుగారూ?"

"అన్నీ నావే. వీళ్ళకేం సంబంధం లేదు."

అప్పుడు మందలోంచి బూడిదరంగు మేక ఒకటి బయటికొచ్చింది. అసీమో మేక అది, పేరు కనుత. గంట మోగించుకుంటూ తుపాకుల మధ్య నించి తిన్నగా వచ్చి ఆమె ఒళ్ళో తల పెట్టి, కాయల కోసం మూతితో కుమ్మింది.

సార్జెంటు దాని వెనకే వచ్చాడు. "నీదా ఇది?"

అసీమోకి ఇంటి దగ్గర పిల్లలు కళ్ళముందు మెదిలారు. దీవికి పోయినవాళ్ళు తిరిగొచ్చిన జాడ ఆ కొండల్లో ఎవరికీ తెలియదు.

"కాదు," అంది.

సార్జెంటు తుపాకి గొట్టం కనుత చెవి వెనక ఆనించాడు. చప్పుడుకి మంద చెదిరి, ఏ మేకకామేక తన ఇంటి దారి పట్టింది. కనుత ఆమె ఒళ్ళోనే ఒరిగింది. లియాస్ చేతులు వెనక్కి విరిచి కట్టి తోసుకుపోతుంటే, వాడు అసీమో దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

"ఇయాళ మీ ఇంటి వంతక్కా. రొట్టె దాచి ఉంచు," అన్నాడు.

ఆ రొట్టె మూడో రోజుకి గట్టిపడిపోయింది. నాలుగో రోజు పొద్దున కబురొచ్చింది. లియాస్ పారిపోబోయి లోయలో పడి చచ్చాడట. శవం ఠాణా పక్క కొట్టంలో ఉంది. రక్తసంబంధీకులైతే వచ్చి తీసుకుపోవచ్చు. ఎవరూ లేకపోతే రేపు ఏటి ఒడ్డున పాతేస్తారు. ఊళ్ళో గుంపు కూడినా, ఏడ్పులు వినబడినా జైలే.

అయిదుగురికి మించి ఒకచోట చేరకూడదు. కానీ మొక్కజొన్న మూట నెత్తిన పెట్టుకుని నీటిమరకి పోవడం నేరమని ఇంకా ఎవరూ ఉత్తర్వు వెయ్యలేదు. ఆ మధ్యాహ్నం ఊళ్ళో అందరికీ ఒకేసారి పిండి అవసరం పడింది! తిరగలి రాళ్ళ హోరులో తలలు దగ్గరపెట్టి మాట్లాడుకున్నారు.

"లోయలో పడ్డాడా? ఆ దారి వాడికి కళ్ళకి గంతలు కట్టినా తెలుసు. కొట్టి చంపారు," అన్నాడు ఫొతీస్. స్తామూలిస్ దగ్గర రంపం పట్టే కూలి అతను. వోలోస్ రేవులో సమ్మె చేసి రెండు పళ్ళు పోగొట్టుకుని వచ్చాడు. "అందరం కలిసి పోదాం. శవాన్ని ఇమ్మని అడుగుదాం."

"నీకేం నాయనా, ఒంటిగాడివి. నా పిల్లల్ని ఎవడు మేపుతాడు?" అన్నాడొకడు.

ప్రెసిడెంటు జాహోస్ కూడా వచ్చాడు. ఠాణాకి కబుర్లు మోసేవాడైనా ఊళ్ళో పుట్టినవాడు, భయం వాడికీ ఉంది. "నా మాట వినండి. వాడికి వెనకా ముందూ ఎవరూ లేరు. మనవాడు కాదు. చచ్చినవాడి కోసం బతికున్నవాళ్ళు పోతారా? పండగ దాకా నోరుమూసుకుంటే..."

"పండగ దాకా నోరుమూసుకుంటే ఏమొస్తుందిరా జాహోసూ?" వాయో అవ్వ కర్ర నేలకేసి కొట్టింది. ఊళ్ళో చావు పాటలు కట్టేది ఆవిడే. "పండగనాడు మన మేకల్ని మనచేతే కోయిస్తారు. చలికాలంలో నీ ఠాణావాళ్ళు పాలు పిండి పోస్తారా? మనవాడు కాదంటావా? నీ ఇంట రొట్టె తినలేదా వాడు? నీ మేకలకి పురుళ్ళు పొయ్యలేదా?"

"తిన్నాడు. చట్టం ముందు అది చెల్లదవ్వా."

"మరి అన్నీ నావే అన్నాడు కదా వాడు, అదెట్లా చెల్లిందిరా?"

ఫొతీస్ ఒక్కొక్కరి మొహంలోకీ చూశాడు, ఒక్కొక్కరే తల దించుకున్నారు. అసీమో పిండి మూట గుండెకి అదుముకుని అందరికంటే ముందు బయటపడింది.

దారి పొడుగునా ఆమెకి ఏడుపు రాలేదు, చలి పట్టుకుంది. మొగుడు పోయినప్పటి సంగతి గుర్తొచ్చింది. ఆ కొండల్లో ఇంట్లో చావు జరిగితే మేకల గంటలు విప్పేస్తారు. నలభై రోజులు మంద మోగకూడదు. అప్పుడు ఆమె మూగ మేకల్ని లియాస్ ఈల వేసి పిలుచుకుంటూ, ఒక్కటీ తప్పిపోకుండా సాయంత్రానికి తెచ్చి అప్పగించేవాడు. వాడి కోసం ఎవరు విప్పుతారు?

పాలు పితికే వేళ కొట్టంలోకి వెళ్ళింది. మిగిలిన మేకలు మూడూ ఆమెకేసి చూశాయి. గంట లేని మేక కనబడితే గార్డు అడవి బయటైనా కాలుస్తాడు. అసీమో మొదటి దాని గంట వేలాడే మెడ పటక మీద చెయ్యి వేసి, వెనక్కి తీసుకుంది. మళ్ళీ వేసింది. విప్పేలోపలే గంట గణగణా మోగి ఆమె ప్రాణం ఎగిరిపోయినంత పనైంది.

"అమ్మా, మనింట్లో ఎవరు పోయారే?" అంది గుమ్మంలో కూతురు రిత్సా.

"మీ మావయ్య."

ఆ మాట అన్నాక కూడా భయం పోలేదు. పోతుందనుకుంది, పోలేదు. భయంతోనే రెండోదాని గంట విప్పింది, మూడోదానిదీ విప్పింది.

తెల్లవారి మేకల్ని తోలుకుని వీధిలోకొచ్చింది. అసీమో నడుస్తుంటే గిట్టల చప్పుడే తప్ప మరేం లేదు. కిటికీలోంచి ఒకరు చూశారు, తలుపు పడింది. ఇంకో తలుపూ పడింది. వెనక్కి పోదామనుకుంటూనే ఆమె నడిచింది. ఇంతలో వాయో అవ్వ గడపలో కూర్చుని, ముసలి మేక మెడ పటక పళ్ళతో లాగుతూ కనిపించింది.

"ఈ ముడి రాదేంటే, నువ్వన్నా పట్టు!" అంది అవ్వ.

ఇద్దరూ కలిసి విప్పారు. పడిన తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఒకడు గంట చొక్కాలో కుక్కుకుని, ఎవరూ చూడలేదుకదా అన్నట్టు మంద వెనక చేరాడు. వాడి వెనక వాడి పెళ్ళాం, పిల్లలు. జాహోస్ వాకిలి దగ్గర మంద కొంచెం ఆగింది. వాకిలి తెరుచుకోలేదు కానీ, కొట్టం తడిక పైకి లేచి, జాహోస్ మేకలు గంటల్లేకుండా బయటికొచ్చాయి. మొహం చూపించే ధైర్యం లేకపోతే పోయింది, మేకల్ని పంపాడు!

కొండ మీద అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. లోయ అవతల రంపాల దగ్గర చుట్టుపక్కల ఊళ్ళన్నిటి కూలీలూ ఉన్నారు. పొద్దున్నే గంటలు వినబడకపోతే వాళ్ళకి ముద్ద దిగదు. "ఏం జరిగింది? ఎవరు పోయారు?" అని అడిగారు. ఫొతీస్ చెప్పి, తను ఠాణా వైపు పరిగెత్తాడు. ఒక్కొక్కడే రంపం దుంగలో వదిలేసి తన ఊరి దారి పట్టాడు. మేస్త్రీ అరిచిన అరుపులు ఖాళీ వాలు మీద మోగాయి.

ఠాణాలో సార్జెంటు ఇంకా కాఫీ తాగుతున్నాడు. చెవులతో కాపలా కాసేవాళ్ళకి గంటలు మోగకపోతే ఏం తెలుస్తుంది? తల ఎత్తి చూసేసరికి ముంగిలంతా మేకలు, మేకల వెనక ఊరు. కప్పు చేతిలోంచి జారింది. "ఎవరు, ఎవరు మీరు?" అన్నాడు, రోజూ చూసే మొహాలనే పట్టుకుని!

"లియాస్‌ని తీసుకుపోవడానికొచ్చాం," అన్నాడు ఫొతీస్.

"రక్తసంబంధం ఉన్నవాళ్ళకే ఇస్తా. వాడు మీకు ఏమవుతాడు?"

"మనవడు," అంది వాయో అవ్వ.

"బావమరిది," అన్నాడు నిన్న మరలో పిల్లల్ని తల్చుకున్నవాడు.

"తమ్ముడు." "చిన్నాన్న." "నా కొడుకు." మాటలు ముంగిట్లో నలుమూలల నించీ లేచాయి. పోలీసులు తుపాకులు ఎత్తారు. ఎత్తిన తుపాకులు కూడా నిలకడగా లేవు.

"గంటలేవి? గంటల్లేని మేకల్ని కాల్చమని ఉత్తర్వుంది! ఎవరివివి?"

మళ్ళీ అదే ప్రశ్న. అసీమో తన పక్కనున్న మేక మెడ పట్టుకుని నిలబడింది.

"నావి," అంది. గొంతు పీలగా వచ్చింది. "ఆ రోజు కాదన్నాను. భయపడి అన్నాను. ఇప్పుడూ భయంగానే ఉంది. నువ్వు చంపిన కనుత నాదే. ఇవీ నావే. వాడు మా తమ్ముడు, మా ఇంటి వంతు తినకుండా పోయాడు."

"నావి కూడా," అన్నారు వెనకనించి. "మావి. అన్నీ మావే."

శవాన్ని ఇవ్వక తప్పలేదు. కానీ పరువు కోసం ఒకరిని ఉంచుకోక సార్జెంటుకీ తప్పలేదు. అసీమో చేతులు కట్టాడు. ఫొతీస్ ముందుకి ఉరికాడు, తుపాకి బోల్టు లాగిన చప్పుడైంది.

"వద్దన్నా!" అంది అసీమో. "ముందు వాణ్ణి తీసుకెళ్ళండి. పిల్లలు..."

"పిల్లలు వంతుకి తింటారు, ఇంటింటా," అంది వాయో అవ్వ. ఆపైన గొంతెత్తి చావు పాట అందుకుంది. ఊరంతా ఎత్తుకుంది. ఏడ్పులు వినబడకూడదన్న ఉత్తర్వు అప్పుడు ఎవరికీ గుర్తులేదు.

మర్నాడు అసీమోని జిల్లా పట్నానికి నడిపించుకుపోయారు. ముందొక పోలీసు, వెనకొక పోలీసు, మధ్యలో తాడు. కట్టిన మణికట్లు కోసుకుపోతున్నాయి. ఒంటరిదాన్నయిపోయానని, ఇక పిల్లల మొహం చూడనని, దీవి ఎట్లా ఉంటుందోనని ఆమె అడుగడుగునా భయపడింది. సిగ్గులేకుండా, దాచుకోకుండా భయపడింది.

మొదటి ఊరు దాటాక ముందు పోలీసు నడక తగ్గించాడు. రెండో ఊరి దగ్గర ఆగిపోయాడు. దారి మలుపులో పెద్ద మంద దారంతా నిండి నిలబడి ఉంది. ఒక్క మెడలో కూడా గంట లేదు. కిందివాలు మీద ఇంకో మంద కదులుతోంది, అదీ మూగదే. ఏటి అవతల మూడో ఊరి వైపు నించి కూడా చప్పుడు లేదు.

పోలీసు చెయ్యి తుపాకి మీదికి పోయింది. అసీమో గొంతులో నిన్నున్న వణుకు ఇప్పుడు వాడి గొంతులోకి వచ్చింది.

"ఏయ్, ఇక్కడెవరు చచ్చారు?" అన్నాడు.

కాపరి ముసలివాడు. అసీమో అతన్ని ఎన్నడూ చూడలేదు. అతను ఆమె చేతులకున్న తాడుకేసి చూసి, టోపీ తీశాడు.

"మా తమ్ముడండీ," అన్నాడు. "లియాస్."