ఒక్క స్టేజీ దూరం

సకల జనుల సమ్మెలో బస్సులు ఆగి అది పదహారో రోజు. కండక్టరుగా నా పద్నాలుగేళ్ల ఉద్యోగంలో సద్దుల బతుకమ్మ నాడు ఇంట్లో ఉండటం అదే మొదటిసారి. ఏటా స్పెషల్ డ్యూటీ పేరుతో ఊళ్లోవాళ్ల పూలమూటలు బస్సెక్కించేవాణ్ణి. మా శశికళ అంగట్లో కొన్న బంతిపూలతో సరిపెట్టుకునేది. ఈసారి ఒక్కటే అడిగింది, బతుకమ్మ పేర్చడానికి గునుగు పువ్వు నా చేత్తో కోసుకు రమ్మని. పొద్దు గూకేసరికి చౌరస్తాలో దీక్షా శిబిరం దగ్గర ఆడతారు, ఆలోగా రావాలంది.

అదెంత పని అన్నాను. మానుకోట నుంచి బయ్యారం రోడ్డులో మొదటి స్టేజీ పక్కన చేను నిండా గునుగే. బస్సులోంచి ఎన్నిసార్లు చూడలేదు! ఒక్క స్టేజీ, పది నిమిషాలు. ఆమెకు అరచేతిలో వైకుంఠం చూపించి, కడుపునిండా తిని, ఓ కునుకు తీసి మరీ బయలుదేరాను. నడకను బస్సు టైముతో కొలిచే తెలివి కండక్టర్లకే ఉంటుంది.

గంట నడిచినా స్టేజీ రాలేదు. మోకాళ్లు మొరాయించాయి, చెప్పు తెగింది. చివరికి చేను దొరికింది గానీ దాని నిండా ప్లాట్ల రాళ్లు పాతి ఉన్నాయి. నేను గునుగు చూసింది ఏ కాలంలోనో. అక్కడే కూలబడ్డాను.

నెత్తిన కట్టెల మోపుతో వస్తున్న తండా ముసలమ్మ ద్వాళి నన్ను పోల్చుకుంది. రోడ్డు పక్క ఆమె చెయ్యెత్తితే ఆపకుండా, రైట్ రైట్ అని పోనిచ్చింది నేనే. గునుగు కోసం వచ్చానని చెప్పి, అప్పుడు బస్సు నిండుగా ఉండేదని గొణిగాను.

"నిండలే కొడుకా. మోపు జూసి ఆపలే," అంది. గొంతులో కోపం కూడా లేదు. "గునుగా? గా కాలువ కట్ట పొంటి పో. మేం రోజు గా తొవ్వలనే నడుస్తం."

సిగ్గేసింది. కట్ట మీద గునుగు నడుమెత్తు పెరిగి ఉంది. తువ్వాలు నిండా కోసుకుని, కుంటుకుంటూ చౌరస్తా చేరేసరికి దీపాలు పెట్టేశారు. ఆడవాళ్ల మధ్యలో శశికళ నవ్వుతూ ఆడుతోంది. ఆమె అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

అంచున నిలబడ్డ ఒకామెను, శశికళ బతుకమ్మ ఏదని అడిగాను.

"గా పెద్దది అన్నా. పాపం, పువ్వు తెచ్చే మొగోడు లేడామెకు. వాడకట్టోళ్లం ఇంటికింత ఇచ్చినం."

ఆ మాట అన్నది మా పక్కింటావిడ. పద్నాలుగేళ్లుగా మా రెండిళ్లకూ గోడ ఒక్కటే.