ఒంటి కనుబొమ్మ

కనుబొమ్మలు దిద్దేటప్పుడు నేను మాట్లాడలేను. దారం కొస నా పళ్ళ మధ్య ఉంటుంది. కుర్చీలో ఉన్నావిడ కళ్ళు మూసుకుని, రెండు చేతులతో కనుబొమ్మ దగ్గరి చర్మం బిగబట్టుకుని ఉంటుంది. అంటే ఆవిడ పారిపోలేదు, నేను నోరు తెరవలేను. మా ఆడపడుచుకు ఇంతకన్నా ఏం కావాలి?

మా ఆయన అక్క ఆవిడ. బలం పొడులమ్మే గొలుసుకట్టు కంపెనీలో చేరినప్పటి నుంచి నా పార్లర్‌లోని సోఫా ఆవిడ సొంతమైపోయింది.

"మీరు ఇద్దర్ని చేర్పిస్తే చాలమ్మా," అని మొదలుపెడుతుంది. "వాళ్ళు చెరో ఇద్దర్ని చేర్పిస్తారు. ఆ తర్వాత మీరు కాలు మీద కాలేసుకుని కూర్చోవడమే."

నేను దారంతోనే "ఊఁహూఁ" అని వారిస్తాను. నేను వంతపాడుతున్నాననుకుంటుంది కాబోలు, ఇంకా ఊపందుకుంటుంది.

మా ఆయనకు చెబితే, "అక్క కదా, కాస్త సర్దుకుపో," అన్నాడు. సర్దుకుపోవడానికి అదేమైనా బస్సులో సీటా? ఒక కుర్చీ, ఒక అద్దం పెట్టుకుని మొదలుపెట్టిన షాపు నాది. నా చెయ్యి నచ్చి మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు తప్ప నాకు వేరే ఆస్తి లేదు.

"నీదీ ఒక వ్యాపారమేనా?" అంటుంది వదిన. "చెయ్యి ఆడితేనే డబ్బు. జ్వరమొస్తే షాపు బంద్. నాది నేను నిద్రపోతున్నా పెరుగుతూనే ఉంటుంది."

ఆ పెరిగేదేమిటో నా కంటికి కనబడలేదు గానీ, నా షాపుకొచ్చేవాళ్ళు తగ్గిపోవడం మాత్రం కనబడింది.

నిన్న బ్యాంకు మేడమ్ ఎదురైంది. షాపు తెరిచిన రోజు నుంచీ నా దగ్గరకే వచ్చే మనిషి. నన్ను చూసి రోడ్డు దాటబోయి, బళ్ళు అడ్డం రావడంతో ఆగిపోయింది. ఎవరో ఆవిడ కనుబొమ్మల్ని ఎలుక కొరికినట్టు చేసి పంపారు. వంకర కనుబొమ్మలతోనైనా తిరుగుతాను గానీ మీ షాపుకు మాత్రం రానన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి ఏడ్చాను కూడా.

ఇవాళ వదిన కంపెనీ మీటింగు. స్టేజీ ఎక్కించి మెడల్ వేస్తారట. "కాస్త కనుబొమ్మలు దిద్దు," అంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది. కుడివైపుది పూర్తిచేసి, దారం పక్కన పెట్టేశాను.

"రెండోది?"

"రెండోది నేనెందుకు చెయ్యాలి వదినా? ఇద్దర్ని చేర్పించండి, వాళ్ళెవరైనా చేస్తారు. నేను కాలు మీద కాలేసుకుని కూర్చుంటాను."

"వేళాకోళమా? అవతల నాకు టైమవుతోంది."

"బ్యాంకు మేడమ్‌కి ఫోన్ చెయ్యండి. ఇకమీదట ఈ షాపులో మిమ్మల్ని విసిగించనని చెప్పండి. అప్పుడు చేస్తాను."

వదిన ముఖం మాడ్చుకుంది. అద్దంలో చూసుకుని, ఇక తప్పదని ఫోన్ తీసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. అప్పుడూ అంతే.

"నా నంబరు చూస్తే ఎవరూ ఎత్తడం లేదులే," అంది, గొంతు బాగా తగ్గించి. "మా పిన్ని కూతురు కూడా. ఇవాళ మెడల్ వేస్తుంటే చప్పట్లు కొట్టడానికి మనవాళ్ళు ఒక్కరూ రావడం లేదు."

నాకు జాలేసింది. జాలేసినందుకు నా మీద నాకే చిరాకేసింది.

"ఉండండి, నేను చేస్తాను," అని నా ఫోన్ తీశాను. రెండుసార్లు మోగింది. మేడమ్ కట్ చేసింది.

నా నంబరుకే.

నేను లేచి దారం రీలు సంచిలో వేసుకున్నాను.

"ఎక్కడికి?" అంది వదిన.

"ఆవిడ ఇంటికి. ఆ కనుబొమ్మలు ఊరికే సరిచేసి వస్తాను."

"నేనూ వస్తా. ముందు ఇది కానియ్యి."

"ఇలాగే రండి. మిమ్మల్ని చూసి నవ్వొస్తేనన్నా ఆవిడ తలుపు తీస్తుంది."

వదిన గడియారం వంక చూసింది. పొడి డబ్బాల సంచి భుజాన వేసుకుంది. నేను షట్టరు పట్టుకుని అలాగే చూస్తూ నిలబడ్డాను. ఆవిడ మెల్లిగా ఆ సంచిని సోఫా మీద పెట్టి, ఒంటి కనుబొమ్మతో నాకంటే ముందే వీధిలోకి దిగింది.