కొసరు కేసెట్టు

బుజ్జమ్మ వీధి గుమ్మంలోకి వస్తే చాలు, కూరగాయల బండివాడు ఒక కొత్తిమీర కట్ట విడిగా తీసి పక్కన పెట్టుకునేవాడు. ఎలాగూ కొసరు అడుగుతుంది, ఇచ్చేదాకా కదలదు. డబ్బు లేక అడుగుతుందా అంటే అదీ కాదు. ఆమె భర్త బసవపున్నారావుకి ఆగిరిపల్లిలో పన్నెండెకరాల మామిడితోట ఉంది. కానీ కొసరు లేని బేరం ఆమెకు ఉప్పు లేని పప్పు. మన తోటలో వంద కాయలు కొన్నవాడికి మనం పైన నాలుగు కాయలు వేసి పంపడం లేదా, మరి మనం కొంటే మనకెందుకు వేయరు అని ఆమె వాదన. దానికి ఎదురు చెప్పినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు.

అలాంటి మనిషి ఎనభై ఎనిమిది వేసవిలో వీడియో గేము మీద పడింది.

దానికి కారణం కిందటేడు సెలవులు. కూతురు కృష్ణవేణిని విజయవాడలో సీతమ్మ ఇంటికి పంపింది. సీతమ్మ బసవపున్నారావుకి అక్క. ఆవిడ కొడుకు చిట్టిబాబుకి అప్పుడే వీడియో గేము కొన్నారు. దాన్ని టీవీకి తగిలిస్తే తెర మీద బొమ్మలు పరుగెడతాయి, చేతిలోని జాయ్‌స్టిక్కు ఎటు తిప్పితే అటు. అక్కడ ఉన్నన్నాళ్లూ కృష్ణవేణి దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకోనివ్వలేదు. నీకు రాదు, పాడుచేస్తావు అన్నాడు చిట్టిబాబు. పెద్దది సీతమ్మయినా ఒక మాట చెప్పాలా వద్దా? ఆవిడ పంచదార పలుకుల్లాంటి గొంతుతో, "చూడమ్మా, చూస్తే చాలు" అంది. పిల్లను తీసుకురావడానికి వెళ్లిన బుజ్జమ్మ గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఆ మాట చెవులారా విన్నది.

పిల్ల ఏడవలేదు, ఫిర్యాదు చేయలేదు. ఇంటికొచ్చాక ఒకరోజు మధ్యాహ్నం బుజ్జమ్మ చూసేసరికి, రాలిన పచ్చి మామిడికాయకి ఒక పుల్ల గుచ్చి, గోడకేసి చూస్తూ అటూ ఇటూ తిప్పుతోంది. నోటితో కుయ్ కుయ్ మని చప్పుడు చేసుకుంటోంది. బుజ్జమ్మ వెళ్లి పిల్ల పక్కన కూర్చుంది. వచ్చే వేసవికి నీకు ఆ ఆట కొనిపెడతాను, నీ ఇష్టమొచ్చినట్టు ఆడుకుందువుగాని అని అక్కడికక్కడే మాటిచ్చేసింది.

మాటిచ్చాక తెలిసింది దాని ఖరీదు ఎనిమిది వందలని. బసవపున్నారావు వినగానే ఉలిక్కిపడ్డాడు. గాలీ వానా వచ్చి పూత సగం రాలిన సంవత్సరం అది. పెళ్లాం బేరాల మీద ఆయనకెప్పుడూ చిన్నచూపే. కొత్తిమీర కట్టలు గుంజుకోవడం వేరు, బెజవాడ కొట్లో బేరం ఆడటం వేరు అనేవాడు. అందుకే నవ్వుతూ పందెం లాంటిది ఒకటి పెట్టాడు. "సగం ధరకి తెచ్చావా, తోట డబ్బులోంచి ఇస్తాను. సగం మీద ఒక్క రూపాయి ఎక్కువైనా ఆ ఊసెత్తకూడదు." ఈ మాటలు అన్నది కృష్ణవేణి ఎదురుగానే. పిల్ల తండ్రి వంక చూడలేదు, తల్లి వంక చూసింది.

ఇక బుజ్జమ్మకి నిద్ర పట్టలేదంటే నమ్మండి. ఆరా తీయగా తీయగా గవర్నర్‌పేటలో ఒక ఎలక్ట్రానిక్స్ కొట్టు సంగతి తెలిసింది. పాత రేడియో ఏదైనా సరే, పలికినా పలకకపోయినా, తెచ్చి ఇస్తే కొత్త సరుకు మీద నూట యాభై తగ్గిస్తారట. వాళ్ల కొట్టంలో మామగారి కాలంనాటి పెద్ద రేడియో ఉంది. అది పలకడం మానేసి చాలా కాలమైంది గానీ ఖాళీగా మాత్రం లేదు. వెనక అట్ట ఊడిపోతే అందులో ఒక పెట్ట కాపురం పెట్టి గుడ్లు పొదుగుతోంది. బుజ్జమ్మ ఆ పెట్టని మామిడికాయల బుట్టలోకి, గడ్డి పరిచి, బతిమాలి బతిమాలి మార్చింది. రెండు చేతుల నిండా పొడిపించుకుంది.

రెండోది టీ పొడి కంపెనీ వాళ్లది. వాళ్ల ప్యాకెట్లలో చిన్న కూపన్లు వస్తాయి, ఒక కట్ట పోగుచేసి ఇస్తే ఆ కొట్లోనే వంద రూపాయల తగ్గింపు. కాయ కోతల రోజుల్లో కూలీలకి రెండు పూటలా టీ ఇవ్వడం తోట యజమాని వంతు, కాబట్టి బుజ్జమ్మ ఇంట్లో టీ పొడి నీళ్లలా ఖర్చవుతుంది. అయినా చాలలేదు. కోత కూలీలందరికీ పెద్ద దిక్కయిన రమణమ్మకి సంగతి చెప్పింది. రమణమ్మ పక్క తోటల్లో పనిచేసే చుట్టాలందరి దగ్గరా తిరిగి, చెంగు నిండా కూపన్లు తెచ్చి కుమ్మరించింది. ఆ బొమ్మలాట వచ్చాక ఒక్కసారి చూపించండమ్మా అని మాత్రం అడిగింది. బుజ్జమ్మ సరే అంది.

మూడోది అన్నిటికన్నా గొప్పది. దినపత్రికలో ఆ కొట్టువాళ్లే ప్రకటన వేశారు. ఆ ముక్క కత్తిరించి తెచ్చినవాళ్లకి ఏ వస్తువు మీదైనా ధరలో నాలుగో వంతు తగ్గింపు, శనివారంతో ఆఖరు. అంటే ఎనిమిది వందలకి ఆరు వందలవుతుంది. రేడియో, టీ కూపన్లు కూడా పోతే మూడు వందల యాభై. సగం కన్నా తక్కువే. బుజ్జమ్మ ఆ పేపరు మడతపెట్టి వసారా అలమరలో భద్రంగా దాచింది.

అక్కడే చెయ్యి జారింది. ఆ వారమే సీతమ్మకి చిన్న రసాల మామిడిపళ్ల పెట్టె పంపాల్సి వచ్చింది. ఏటా పంపుతారు. ఆ పెట్టె బుజ్జమ్మ కూలీల చేత కట్టించదు, తనే కడుతుంది. అడుగున పేపరు పరిచి, పైన ఎండుగడ్డి వేసి, కాయ తర్వాత కాయ తొడిమ కిందికి వచ్చేలా పేరుస్తుంది. ఆడబిడ్డ ఇంటికెళ్లే పెట్టెలో మాసిన పేపరు వేస్తే ఏమనుకుంటారని, అలమరలో మడత నలగకుండా ఉన్న కొత్త పేపరు లాగి పరిచేసింది. బసవపున్నారావు ఆ పెట్టె విజయవాడలో దింపి కూడా వచ్చాడు. నాలుగు రోజులదాకా విప్పొద్దు, మధ్యలో కదిపితే సరిగ్గా మాగవు అని బుజ్జమ్మే కబురు కూడా చేసింది.

పేపరు లేదని శుక్రవారం సాయంత్రం గానీ తెలియలేదు. అది ఎక్కడికి పోయిందో గుర్తు రాగానే బుజ్జమ్మ అరుగు మీద కూలబడిపోయింది. ఏ ఇంటి వాళ్ల ముందు తలెత్తుకు తిరగాలని ఇంత తంటాలు పడుతోందో, ఆ ఇంటికే వెళ్లి ఒక పేపరు ముక్క ఇమ్మని అడగాలి. ఊళ్లో ఇంకో పేపరు దొరుకుతుందేమోనని తిరిగింది. దొరికినవన్నీ అప్పటికే మామిడి పెట్టెల అడుగున చేరి బొంబాయి దారి పట్టాయి.

శనివారం పొద్దున్నే తల్లీకూతుళ్లు రేడియోని పాత దుప్పట్లో మూటకట్టుకుని బస్సెక్కారు. దారిపొడుగునా బుజ్జమ్మ ఒక అబద్ధం తయారు చేసుకుంది. ఒక కాయ దెబ్బతిన్నదేమోనని అనుమానంగా ఉంది, తీసేసి పోదామని వచ్చాను అని చెప్పాలి. సీతమ్మ గుమ్మం ఎక్కాక అదే చెప్పింది. సీతమ్మ పెట్టె చూపించి, ఇంతమాత్రానికి ఇంత దూరం వచ్చావా మరదలా అని ఆశ్చర్యపోయింది. చిట్టిబాబు లోపలి గదిలో కుయ్ కుయ్ మని ఆడుకుంటున్నాడు.

"కాయ కోసం కాదత్తయ్యా," అంది కృష్ణవేణి. "పెట్టె అడుగున కూపనుంది. దాంతో మేమూ వీడియో గేము కొనుక్కుంటున్నాం."

బుజ్జమ్మ ముఖం జేవురించింది. చిట్టిబాబు బయటికొచ్చి, మేమైతే కూపన్లూ గీపన్లూ లేకుండా డబ్బులిచ్చి కొన్నాం అన్నాడు. కృష్ణవేణికి ఆ మాటలో నొచ్చుకోవాల్సింది ఏముందో అర్థం కాలేదు. "అంతా పెట్టి కొన్నారా బావా?" అని నిజంగా జాలిపడింది. ఆ జాలి చూసి బుజ్జమ్మకి ప్రాణం లేచొచ్చింది. చీర చెంగు బిగించి కూర్చుని, కాయలన్నీ ఒక్కొక్కటే దుప్పటి మీదికి తీసి, పేపరు లాగి, సీతమ్మ ఇచ్చిన పాత పేపరు పరిచి, మళ్లీ తొడిమ కిందికి పెట్టుకుంటూ పేర్చి మూత వేసింది. ఇంకో రెండు రోజులు విప్పొద్దు వదినా అని మరీ చెప్పింది.

కొట్టు యజమాని కళ్లద్దాల పెద్దమనిషి. రేడియో మూట విప్పితే అందులోంచి రెండు కోడి ఈకలు ఎగిరి ఆయన బల్ల మీద పడ్డాయి. ఆయన వాటిని ఊదేసి, మూడు తగ్గింపులూ ఒకేసారి తెచ్చినవాళ్లు ఇంతవరకూ లేరని, అలా తేకూడదని ఎక్కడా రాసిలేదు కాబట్టి కాదననని అన్నాడు. కాగితం తీసి లెక్క వేశాడు. ముందు రేడియోకి నూట యాభై, టీ కూపన్లకి వంద తీసేశాడు. మిగిలిన అయిదు వందల యాభైలో నాలుగో వంతు తగ్గించాడు. నాలుగు వందల పన్నెండున్నర అన్నాడు.

సగం మీద పన్నెండున్నర రూపాయలు. అవి బుజ్జమ్మ కొంగు ముడిలోనే ఉన్నాయి. ఇచ్చేసి ఊరుకుంటే బసవపున్నారావుకి ఏం తెలుస్తుంది? ఆయనకి తెలియదు. పక్కన నిలబడి పెదవి కొరుక్కుంటున్న పిల్లకి తెలుస్తుంది. బుజ్జమ్మ కొంగు ముడి వదిలేసింది.

"లెక్క తిరగబడిందండి," అంది. "పేపర్లో రాసింది ధర గురించి. ఈ రేడియో, టీ కాగితాలు కొసరు. ముందు ధర తెగాలి, ఆ తర్వాతే కొసరు. మా తోటలో కొసరు కాయలు కలిపి ఎవరూ వంద లెక్కపెట్టరండి."

ఆయన సొన మరకలు పడ్డ పేపరు ముక్కని వెలుతురుకి పెట్టి చదివాడు. ధరలో నాలుగో వంతు అనే ఉంది. మీదే ఊరమ్మా అని అడిగాడు. ఆగిరిపల్లి అని చెప్పింది. "మాది బాపులపాడు," అంటూ ఆయన నవ్వాడు. "మా అమ్మ కూడా ఇలాగే తగువేసుకునేది." మొదటి లెక్క కొట్టేసి, ముందు నాలుగో వంతు తీసి, తర్వాత మిగతావి తీశాడు. మూడు వందల యాభై వచ్చింది.

డబ్బిచ్చి పెట్టె చేతికి తీసుకున్నాక కూడా బుజ్జమ్మ కదల్లేదు. మరి కొసరు అంది. ఇప్పటిదాకా ఇచ్చిందంతా ఏంటమ్మా అని ఆయన నోరు తెరిచాడు. "అది కాగితాల మీద వచ్చింది. మీ చేత్తో మీరు వేసేది వేరు కదండీ." ఆయన కిందికి వంగాడు. కింది అరలోంచి దుమ్ము పట్టిన ఆట కేసెట్టు ఒకటి తీసి ఇచ్చాడు. బల్ల మీద బంతాట ఉంటుందట అందులో. ఇద్దరుంటే గానీ ఆడటానికి కుదరదని ఎవరూ కొనలేదట.

ఆ రాత్రి బసవపున్నారావు బిల్లు రెండుసార్లు చూసి, డబ్బు తెచ్చి పెళ్లాం చేతిలో పెట్టాడు. మర్నాడు నూజివీడు వెళ్లి, మావాళ్లు ఎనిమిది వందల సరుకు మూడున్నర వందలకి కొట్టుకొచ్చారని మామిడి కమిషను కొట్లన్నిటిలో చెప్పుకొచ్చాడు. అక్కడక్కడ తనే బేరమాడినట్టు కూడా చెప్పాడని తర్వాత తెలిసింది. బుజ్జమ్మ పట్టించుకోలేదు. ఆమెకు కావాల్సింది వేరే ఉంది.

సెలవుల ఆఖర్లో సీతమ్మ కొడుకుని తీసుకుని వస్తున్నానని కబురు పెట్టింది. అప్పటినుంచీ బుజ్జమ్మ ఒకే మాట నోట్లో నానబెట్టుకుంది. చిట్టిబాబు టీవీ ముందుకొచ్చి చెయ్యి చాస్తాడు కదా, అప్పుడు పంచదార గొంతుతో అనాలి: చూడు నాయనా, చూస్తే చాలు. వంట చేస్తూ కూడా రెండుసార్లు అనుకుని చూసుకుంది. బాగా కుదిరింది.

వాళ్లు వచ్చిన రోజు కోతలు ముగిసిన రోజు కూడా. మాట ప్రకారం ఆట చూద్దామని రమణమ్మ, ఇంకో నలుగురు ఆడకూలీలు వసారాలోకి వచ్చారు. కృష్ణవేణి టీవీ పెట్టింది. చిట్టిబాబు చొక్కా సర్దుకుంటూ ముందుకొచ్చాడు గానీ చెయ్యి చాచలేదు. కిందటేడు తను చేసింది అతనికి గుర్తున్నట్టే ఉంది. దూరంగా గోడ పక్కన నిలబడ్డాడు.

బుజ్జమ్మ గొంతు సవరించుకుంది. "చూడు నాయనా…"

అప్పటికే కృష్ణవేణి కొసరు కేసెట్టు పెట్టి, రెండో జాయ్‌స్టిక్కు చిట్టిబాబు చేతిలో పెట్టేసింది. "ఇటు కూర్చో బావా," అంది. "ఇది ఒక్కళ్లాడితే బంతి తిరిగి రాదు."

బుజ్జమ్మ నోటిమాట నోట్లోనే ఉండిపోయింది. నెల్లాళ్లు నానబెట్టిన మాట, మింగడానికి కాస్త కష్టమే అయింది. చిట్టిబాబు తలెత్తి, ఏంటత్తయ్యా అన్నాడు.

"గట్టిగా పట్టుకో నాయనా, అది కొత్తది, జారుతుంది," అంది బుజ్జమ్మ.

పిల్లలిద్దరూ ఆడారు. కృష్ణవేణి రెండాటలు ఓడి ఒకటి గెలిచింది. ఆ తర్వాత లేచి తన జాయ్‌స్టిక్కు రమణమ్మ చేతికిచ్చింది. రమణమ్మ, చూస్తే చాలమ్మా, నాకు రాదు అని చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. చూడటానికి కాదు నువ్వు కూపన్లు ఇచ్చింది, ఆడు అని కృష్ణవేణి ఆమె వేళ్లు పట్టుకుని బిగించింది. రమణమ్మ బంతి తప్పించుకుపోయినప్పుడల్లా వసారా అంతా గొల్లుమంది. చిట్టిబాబు అందరికన్నా ఎక్కువ నవ్వాడు.

సీతమ్మ కాసేపు చూసి, మాదాంట్లో ఈ ఆట లేదే, ఎంత పెట్టి కొన్నావు మరదలా అని అడిగింది. ఊరందరికీ లెక్కంతా విడమరిచి చెప్పిన బుజ్జమ్మ, ఎవరు అడిగినా అడక్కపోయినా చెప్పిన బుజ్జమ్మ, ఆ క్షణాన ధర గుర్తు చేసుకోలేదు. ఆమె కూతుర్నే చూస్తోంది. ఇది నా కడుపున పుట్టింది అని ఆమె గుండె నిండిపోయింది.

"కొన్నది కాదు వదినా," అంది. "అడిగి ఇప్పించుకున్నాం. తర్వాత ఆట నువ్వాడు, రా."