మొదటి నియమం

సూరత్‌లో బ్యాంకు మేనేజరు సూర్యప్రకాశరావు 2005లో అక్కడి తెలుగువాళ్ల కోసం ఇంటర్నెట్‌లో ఒక గ్రూపు పెట్టాడు. "ఇక్కడ హోదాల్లేవు, ఇంటిపేర్లు అడగరాదు, అందరం సమానం" అని మొదటి నియమం తనే రాసుకుని, మురిసిపోయి, భార్య కాత్యాయనికి రెండుసార్లు చదివి వినిపించాడు. ఆవిడ తాలింపు వేస్తూ రెండుసార్లూ ఊకొట్టింది.

ఉగాదికి ఆయన గ్రూపులో ఒక కందపద్యం పెట్టాడు. ఐదారుగురు భేషన్నారు. శ్యాంసుందర్ అనే సభ్యుడు మాత్రం రెండో పాదంలో యతి తప్పిందని మర్యాదగానే రాశాడు. రావు గణాలు విడదీసి చూసుకున్నాడు. నిజంగానే తప్పింది.

ఒప్పుకుందామనే కూర్చున్నాడు. వేళ్లు మాత్రం ఆయన మాట వినకుండా, "ఇంతకీ తమరేం చేస్తుంటారు? ఇంటిపేరేమిటి?" అని కొట్టి పంపేశాయి.

జవాబు వెంటనే వచ్చింది. "ఈడనే డిండోలి బస్తీల మగ్గాలు నడుపుత సార్. ఇంటిపేరు అడగొద్దని మీరే రాసిండ్రు గద. గందుకే చేరిన."

క్షమాపణకు మాటలు వెతుక్కుని మర్నాడు గ్రూపు తెరిస్తే, నలభై ఉత్తరాలు. ఎన్నడూ నోరు విప్పనివాళ్లు కూడా తమ ఇంటిపేర్లు చెప్పి, పక్కవాళ్లవి అడుగుతున్నారు.

వెనక నుంచి తొంగిచూసిన కాత్యాయని అంది: "ఇన్నాళ్లకి మీ గ్రూపు కళకళలాడుతోందండీ."